పిటిషనా, ఫిర్యాదా, సంతకాలా, కోర్టా: యూరప్‌లో ఏ తలుపు తట్టాలి?

మేముండే జర్మన్ ఊళ్లో ఇళ్ల వెనక ఒక వాగు పారుతుంది. గట్టి వాన పడిన మర్నాడు దాని మీద తెల్లగా నురగ తేలుతుంది, మురుగు వాసన కిటికీల దాకా వస్తుంది. మా కింది ఇంటి పెద్దావిడ ఆ నురగ కనబడ్డ ప్రతిసారీ ఒక గళ్ల నోటుపుస్తకంలో తేదీ, టైము, ముందురోజు వాన ఎంతసేపు కురిసింది, వాసన ఎక్కడిదాకా వచ్చింది రాసి పెట్టుకుంటూ వచ్చింది. రెండేళ్ల పుస్తకం అది. స్థానిక కార్యాలయానికి ఆవిడ రాసిన రెండు ఉత్తరాలకూ 'మీ లేఖ అందింది' అన్న ఒక్క వాక్యమే జవాబు. ఒక సాయంత్రం ఆ పుస్తకం తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "దీన్ని ఎవరికిస్తే పని జరుగుతుంది?" అని అడిగింది.

నాకు తెలియలేదు. తెలుసుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ తర్వాత డబ్లిన్‌లో, బెర్లిన్‌లో ఉన్న మనవాళ్లు కూడా వేరే వేరే కష్టాలతో ఇదే ప్రశ్న అడిగారు. ఒకరిది ఇంటి పక్క ధూళి, ఇంకొకరిది డెలివరీ యాప్‌లో కోతలు. "మనకిక్కడ ఓటు లేదు కదా, మన మాట ఎవరు వింటారు?" అన్నది అందరి నోటా వచ్చింది. ఓటు లేకపోయినా తెరిచి ఉన్న తలుపులు చాలా ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి సరిపోతుందో చెప్పడానికే ఇది.

## ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: మీ సమస్యకు చట్టం లేదా, ఉండీ అమలు కావడం లేదా? చాలామంది ఇక్కడే పొరబడతారు. గాలి, నీరు, పని గంటలు, పక్షులు, అడవులు వంటి వాటి మీద యూరోపియన్ యూనియన్ చట్టాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒక దేశమో, ఒక నగరమో పాటించకపోతే లక్షల సంతకాలు సేకరించడం వృథా ప్రయాస. అప్పుడు కావలసింది ఫిర్యాదో, కోర్టో. చట్టమే లేనప్పుడు ఆ రెండూ పనికిరావు. అప్పుడు సంతకాలు, కన్సల్టేషన్లు, సంఘాలు కావాలి.

రెండోది, తప్పు ఎవరిది? మీ దేశ ప్రభుత్వానిదా, బ్రస్సెల్స్‌లో యూనియన్ పాలన నడిపే యూరోపియన్ కమిషన్‌దా? దీన్నిబట్టి వెళ్లాల్సిన చోటు పూర్తిగా మారిపోతుంది.

మూడోది మీ పాస్‌పోర్టు. కొన్ని తలుపులు యూనియన్ పౌరులకే. కొన్ని అక్కడ నివసించే ఎవరికైనా. ఇంకొన్ని ప్రపంచంలో ఎవరికైనా.

ఇక కాలం, డబ్బు. ఆరు నెలల్లో తేలాలంటే కొన్ని దారులు అసలు ఎంచుకోకూడదు.

| దారి | ఎవరు వెళ్లొచ్చు | దేనికి పనికొస్తుంది | ఖర్చు, కాలం |
|---|---|---|---|
| పర్యావరణ సమాచార దరఖాస్తు | ఎవరైనా | ఆధారాలు రాబట్టడానికి | చాలా తక్కువ. నెల, చిక్కు విషయమైతే రెండు నెలలు |
| పబ్లిక్ కన్సల్టేషన్ | ఎవరైనా, ఏ దేశం నుంచైనా | తయారవుతున్న చట్టంలో మార్పులకు | ఉచితం. సాధారణంగా 12 వారాల గడువు |
| పార్లమెంటుకు పిటిషన్ | యూనియన్ పౌరులు, నివాసులు, సంస్థలు | సమస్యను బహిరంగ చర్చకు తేవడానికి | ఉచితం. నెలల నుంచి ఏళ్లు |
| కమిషన్‌కు ఫిర్యాదు | ఎవరైనా | దేశం చట్టం మీరినప్పుడు | ఉచితం; తొలి నిర్ణయానికి ఏడాది లక్ష్యం |
| అంబుడ్స్‌మన్ | యూనియన్ పౌరులు, నివాసులు, సంస్థలు | యూనియన్ సంస్థల తప్పులపై | ఉచితం |
| సిటిజన్స్ ఇనిషియేటివ్ | యూనియన్ పౌరులు మాత్రమే | కొత్త చట్టం అడగడానికి | భారీ శ్రమ. సంతకాలకే ఏడాది |
| కోర్టు | దేశాన్ని బట్టి, సంఘాలకు సులువు | కచ్చితమైన ఆదేశం కోసం | ఖరీదు, ఏళ్లు |
| సోషల్ చార్టర్ సామూహిక ఫిర్యాదు | గుర్తింపు ఉన్న సంఘాలు | ఇల్లు, ఆరోగ్యం, పని హక్కులకు | సంఘం భరిస్తుంది, ఏళ్లు |

## సమాచార దరఖాస్తు: ఎవరైనా ఇక్కడే మొదలుపెట్టండి

మన సమాచార హక్కు చట్టం వాడినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో 1998లో కుదిరిన ఒప్పందం ఆధారంగా 2003లో యూనియన్ ఒక డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన యూనియన్ చట్టం) తెచ్చింది. పర్యావరణానికి సంబంధించిన సమాచారం ప్రభుత్వ కార్యాలయం దగ్గర ఉంటే, అడిగినవాళ్లకు నెలలోగా ఇవ్వాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. పౌరసత్వం చూపించనక్కర్లేదు. అక్కడికి వెళ్లి ఫైళ్లు చూసుకోవడం ఉచితం. కాపీలకు మాత్రం న్యాయమైన రుసుము తీసుకోవచ్చు.

మా వాగు విషయంలో మేం చేసిన మొదటి పని ఇదే. వాననీరు, మురుగు కలిసి పోయే పాత పైపులు నిండి వాగులోకి పొర్లిన తేదీల జాబితా ఇవ్వమని అడిగాం. నెల దాటాక వచ్చింది. ఆ జాబితాను పెద్దావిడ నోటుపుస్తకం పక్కన పెట్టి పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ పోయాం. తేదీలు చాలావరకు కలిశాయి. ఒక ఇంట్లో రాసుకున్న చిన్న పుస్తకానికి అధికారిక కాగితం సాక్ష్యం పలికింది. ఏ దారిలో వెళ్లినా మొదట అడిగేది ఆధారమే కాబట్టి ఈ అడుగు మాత్రం దాటేయకండి.

## సిటిజన్స్ ఇనిషియేటివ్: పెద్ద గొంతు, దూరపు ఫలితం

అందరికీ తెలిసిందీ, ఎక్కువగా అపార్థం చేసుకునేదీ ఇదే. సంతకాలు కూడగట్టి కొత్త చట్టం ప్రతిపాదించమని కమిషన్‌ను అడిగే హక్కు ఇది. యూనియన్ దేశాల మధ్య కుదిరిన లిస్బన్ ఒప్పందం ఇచ్చింది, 2012 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఏడు వేర్వేరు దేశాల్లో ఉండే ఏడుగురు యూనియన్ పౌరులు నిర్వాహకులుగా నిలబడాలి. 12 నెలల్లో 10 లక్షల సంతకాలు కావాలి. కనీసం ఏడు దేశాల్లో ఆయా దేశాల కనీస సంఖ్య దాటాలి. అప్పుడు కమిషన్ ఆరు నెలల్లో జవాబు చెప్పాలి. గుర్తుంచుకోండి, చెప్పాల్సింది జవాబు. చట్టం తేవాలన్న నిర్బంధం లేదు.

మూడు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడాలి.

నీటి హక్కు కోసం ప్రజాసేవల కార్మిక సంఘాలు ముందుండి నడిపిన 'రైట్ టు వాటర్' విజయం సాధించిన మొదటి ఇనిషియేటివ్. 16 లక్షలకు పైగా చెల్లుబాటయ్యే సంతకాలతో 2013 డిసెంబరులో కమిషన్ ముందుకు వెళ్లింది. అప్పటికే ఒక ఫలితం వచ్చేసింది: కాంట్రాక్టులకు ఇచ్చే సేవల మీద తయారవుతున్న చట్టంలోంచి నీటిని 2013లోనే మినహాయించారు. 2014 మార్చిలో వచ్చిన అధికారిక జవాబు ఉద్యమకారులను నిరాశపరిచింది. కానీ 2018లో తాగునీటి డైరెక్టివ్‌ను తిరగరాసే ప్రతిపాదన వచ్చింది, 2020 డిసెంబరులో చట్టమైంది. పేదలకు, ఇల్లు లేనివాళ్లకు నీరు అందేలా చూడాల్సిన బాధ్యత దేశాలదని అందులో ఉంది. సంతకాలు ఇచ్చిన రోజు నుంచి ఏడేళ్లు.

'ఎండ్ ది కేజ్ ఏజ్' పంజరాల్లో పశువుల పెంపకం ఆపాలన్నది. దాదాపు 14 లక్షల సంతకాలు. 2023 చివరికి చట్ట ప్రతిపాదన తెస్తామని కమిషన్ 2021లో మాట ఇచ్చింది. గడువు దాటింది, ప్రతిపాదన రాలేదు. నిర్వాహకులు చివరికి కమిషన్‌నే కోర్టుకు లాగారు.

గ్లైఫోసేట్ కలుపు మందు మీద 2017లో 10 లక్షలు దాటిన ఇనిషియేటివ్ నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. మందును నిషేధించమన్నది మొదటి డిమాండు. అది నెరవేరలేదు, ఆ ఏడాదే అనుమతిని మరో ఐదేళ్లు పొడిగించారు. అయితే అనుమతులకు ఆధారమయ్యే పరిశోధనలు కంపెనీల చీకటి గదుల్లో ఉండకూడదన్నది రెండో డిమాండు. దానికి జవాబుగా 2019లో చట్టం వచ్చింది, 2021 మార్చి నుంచి ఆహార భద్రతకు సంబంధించిన అధ్యయనాలను బయటపెట్టాల్సి వచ్చింది. మీరు ఎప్పుడైనా ఇలాంటి పని తలపెడితే డిమాండును ఒకే ముద్దగా రాయకండి. విడివిడిగా రాస్తే ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది.

మనవాళ్లలో ఇది ఎవరికి? యూరప్ పాస్‌పోర్టు తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్నవాళ్లు సంతకం చేయొచ్చు, నిర్వాహకులుగా కూడా ఉండొచ్చు. బ్లూ కార్డు (ఉద్యోగ నివాస అనుమతి) మీద ఉన్నవాళ్ల సంతకం చెల్లదు. ప్రచారంలో పని చేయడానికి మాత్రం అడ్డు లేదు.

## పిటిషన్, కమిషన్‌కు ఫిర్యాదు: కవలల్లా కనిపిస్తాయి, పని వేరు

రెండూ ఉచితం. రెండూ ఒక్క మనిషి చేయగలిగినవే. యూనియన్ 24 అధికార భాషల్లో దేంట్లోనైనా రాయొచ్చు. అందుకే చాలామంది ఏదో ఒకటి పడేసి ఊరుకుంటారు.

పిటిషన్ వెళ్లేది యూరోపియన్ పార్లమెంటులోని పిటిషన్ల కమిటీకి. విషయం యూనియన్ పరిధిలోది అయి ఉండాలి, మీకు నేరుగా తగిలేది అయి ఉండాలి. కమిటీ స్వీకరిస్తే కమిషన్‌ను వివరణ అడుగుతుంది. కొన్నిసార్లు పిటిషనర్‌నే పిలిచి మాట్లాడిస్తుంది. బహిరంగ సమావేశంలో మీ ఊరి పేరు వినిపించడం చిన్న విషయం కాదు. స్థానిక విలేకరులు అప్పుడే కదులుతారు. అయితే కమిటీకి ఎవరినీ శాసించే అధికారం లేదు. ఇంకో మాట: పిటిషనర్ పేరు బయటికి వస్తుంది. యజమానితోనో, ఇంటి ఓనరుతోనో ముడిపడ్డ విషయమైతే పేరు దాచమని దరఖాస్తులోనే అడగండి.

ఫిర్యాదు వెళ్లేది కమిషన్‌కు. ఫలానా దేశం ఫలానా యూనియన్ చట్టాన్ని మీరుతోందని చెప్పాలి. 15 పనిదినాల్లో అందినట్టు జవాబు వస్తుంది. ఏడాదిలో నిర్ణయించాలన్నది వాళ్ల లక్ష్యం. కేసు తీసుకోవాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం. మీకు నష్టపరిహారం రాదు. ఒకరిద్దరికి జరిగిన అన్యాయాన్ని సాధారణంగా దేశీయ కోర్టులకే వదిలేస్తారు. పదే పదే జరిగేది, వ్యవస్థలోనే ఉన్న లోపం అయితే కదులుతారు. కదిలితే మాత్రం దాని బలం వేరు.

పోలండ్‌లోని బియావోవియెజా అడవి అందుకు సాక్ష్యం. యూరప్‌లో మిగిలిన అతి పురాతన అడవుల్లో ఒకటి, అడవిదున్నల నిలయం. 2016లో పురుగు తెగులు పేరు చెప్పి ప్రభుత్వం చెట్ల నరికివేత పరిమితిని అమాంతం పెంచింది. పర్యావరణ సంఘాలు వెంటనే ఫిర్యాదు చేశాయి. కమిషన్ కేసు తీసుకుని యూనియన్ న్యాయస్థానానికి వెళ్లింది. 2017 జులైలో నరకడం ఆపమని ఆదేశం. ఆపకపోతే రోజుకు కనీసం లక్ష యూరోలు కట్టాలని నవంబరులో హెచ్చరిక. 2018 ఏప్రిల్‌లో పోలండ్ చట్టం మీరిందని తీర్పు. రెండేళ్లు పట్టింది. ఈలోగా నూరేళ్లు దాటిన చెట్లు చాలా కూలిపోయాయి, అవి తిరిగి రావు. అయినా మిగిలిన అడవి నిలిచింది. సంతకాల ఉద్యమం ఒక్కటే నడిపి ఉంటే ఆ రంపాలు ఆగేవి కావని నా నమ్మకం.

నా సలహా: చట్టం ఉండీ అమలు కానప్పుడు ఫిర్యాదే ముందు. ఆ ఫిర్యాదు మూలన పడకుండా చూడటానికి పిటిషన్. రెండూ ఒకేసారి పెట్టడంలో తప్పు లేదు.

## అంబుడ్స్‌మన్: బ్రస్సెల్స్ తప్పు చేసినప్పుడే

అంబుడ్స్‌మన్ అంటే యూనియన్ సంస్థల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి. మీ నగరపాలక సంస్థ మీద, మీ దేశ మంత్రిత్వశాఖ మీద ఇక్కడ ఫిర్యాదు చేయలేరు. కమిషన్ పత్రాలు ఇవ్వకపోయినా, మీ ఫిర్యాదుకు జవాబు చెప్పకుండా నాన్చినా ఇక్కడికి రావాలి. ముందు ఆ సంస్థకే రాసి ఉండాలి, విషయం తెలిసిన రెండేళ్లలో రావాలి. నిర్ణయానికి చట్టబలం లేదు, పరువు బలం ఉంది.

అది ఎంతవరకు పనిచేస్తుందో ఈమధ్యే చూశాం. 2013లో ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా బట్టల ఫ్యాక్టరీ కార్మికులు చనిపోయిన తర్వాత, పెద్ద కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర జరిగే అన్యాయాలకు కూడా బాధ్యత వహించాలని సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2024లో ఆ డైరెక్టివ్ వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, దాన్ని పలచన చేసే ప్రతిపాదన కమిషన్ నుంచే వచ్చింది, అదీ సరైన బహిరంగ సంప్రదింపు లేకుండా. సంఘాలు అంబుడ్స్‌మన్ తెరెజా అంజిన్యో దగ్గరికి వెళ్లాయి. కమిషన్ తన పద్ధతులే తాను పాటించలేదని నవంబరులో ఆమె తేల్చారు. అయినా పలచన చేసే పని ఆగలేదు. ఇది చూసి నాకు బాధ కలిగింది. కానీ ఆ నిర్ణయం రికార్డులో ఉంది, రేపు కోర్టులో చూపించుకోవచ్చు.

## కన్సల్టేషన్: గుంటూరు నుంచి కూడా రాయొచ్చు

కొత్త చట్టం తయారవుతున్నప్పుడు కమిషన్ 'హ్యావ్ యువర్ సే' పోర్టల్‌లో అభిప్రాయాలు అడుగుతుంది. ఏ దేశం వాళ్లైనా రాయొచ్చు. యూరప్‌కు పత్తి, రొయ్యలు పోయే చోట ఈ చట్టాల దెబ్బగానీ మేలుగానీ నేరుగా తగులుతుంది. గుంటూరు, వరంగల్ రైతు సంఘాలు, భీమవరం రొయ్యల రైతులు ఇక్కడ తమ మాట చెప్పాలని నాకు చాలా కోరిక.

2015లో పక్షులు, సహజ ఆవాసాల చట్టాలను సమీక్షిస్తామన్నప్పుడు 5 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. 2016 చివర్లో ఆ చట్టాల జోలికి పోకూడదని కమిషన్ నిర్ణయించింది. ఉన్న చట్టాన్ని కాపాడుకోవడానికి సంఖ్య పనిచేసింది. కొత్త నిబంధన రాయించాలంటే మాత్రం అచ్చుగుద్దినట్టుండే లక్ష జవాబుల్ని ఒక కట్టగా చూస్తారు. మీ పొలంలో, మీ వీధిలో జరిగినదాన్ని రెండు పేజీల్లో రాస్తే విడిగా చదువుతారు.

## కోర్టు: ఒంటరిగా కాదు, సంఘంతో

2024 ఏప్రిల్ 9న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఒకే రోజు రెండు వాతావరణ కేసుల్లో చెప్పినదాన్ని కలిపి చదవాలి. రెండు వేల మందికి పైగా సభ్యులున్న స్విట్జర్లాండ్ వృద్ధ మహిళల సంఘం గెలిచింది. ఆ సంఘానికి కేసు వేసే అర్హత ఉందన్న న్యాయస్థానం, వాళ్లతో పాటు విడిగా వచ్చిన నలుగురు మహిళలకు ఆ అర్హత లేదంది. ముప్పైకి పైగా దేశాల మీద కేసు వేసిన ఆరుగురు పోర్చుగల్ పిల్లలు, యువత కేసు కొట్టేశారు. వాళ్లు ముందు తమ దేశ కోర్టులకు వెళ్లలేదన్నది ఒక కారణం. లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం కూడా 2021లో వాతావరణ లక్ష్యాల మీద కుటుంబాలు వేసిన కేసును తీసుకోలేదు.

నెదర్లాండ్స్‌లో అర్జెండా ఫౌండేషన్ 886 మంది పౌరులతో కలిసి దేశ కోర్టులోనే మొదలుపెట్టింది. 2015లో గెలిచింది, 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది: 1990తో పోలిస్తే 2020 నాటికి ఉద్గారాలు కనీసం 25 శాతం తగ్గించి తీరాలని.

ఒంటరిగా గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. మ్యూనిక్‌లో లాండ్‌షూటర్ ఆలే అనే రద్దీ రోడ్డు మీద, గాలిని కొలిచే కేంద్రానికి దాదాపు 900 మీటర్ల దూరంలో డీటర్ యానెచెక్ ఉండేవారు. ధూళి పరిమితి ఏడాదిలో 35 రోజులకు మించి దాటకూడదు. ఆ కేంద్రం కొలతల్లో చాలా ఎక్కువసార్లు దాటింది. అధికారుల చేత కార్యాచరణ ప్రణాళిక చేయించమని ఆ ధూళి తగిలే మనిషి కోరవచ్చని యూనియన్ న్యాయస్థానం 2008లో చెప్పింది. అంకె, దూరం, చట్టంలో స్పష్టమైన పరిమితి, మూడూ ఉన్నాయి కాబట్టే అది నిలబడింది. మీ దగ్గర అవి లేకపోతే సొంత డబ్బుతో కోర్టుకు వెళ్లొద్దు. ఓడితే అవతలివాళ్ల ఖర్చు కూడా మీద పడే దేశాలు ఉన్నాయి.

సోషల్ చార్టర్ అంటే ఇల్లు, ఆరోగ్యం, పని వంటి హక్కుల మీద యూరప్ దేశాల ఒప్పందం. దాని కింద పెట్టే సామూహిక ఫిర్యాదుకు దేశ కోర్టులన్నీ తిరిగి రావాల్సిన పని లేదు. యూనియన్‌కు వేరైన, స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం కూడా ఉన్న కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే సంస్థ కింద నడిచే ఈ పద్ధతిలో గ్రీస్ లిగ్నైట్ గనుల కాలుష్యం ఆరోగ్య హక్కును దెబ్బతీసిందని 2006లో తేలింది. కానీ గుర్తింపు ఉన్న సంఘం ద్వారానే వెళ్లాలి, జర్మనీ సహా చాలా దేశాలు దీన్ని ఒప్పుకోలేదు.

## మీరు ఎవరైతే ఏది

డెలివరీ బ్యాగు భుజాన వేసుకుని తిరిగే విద్యార్థి అయితే పిటిషన్ల జోలికి ఇప్పుడు పోకండి. ప్లాట్‌ఫామ్ పనివాళ్ల డైరెక్టివ్ 2024లో వచ్చేసింది. దేశాలు 2026 డిసెంబరు 2లోగా తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. యాప్ మిమ్మల్ని అదుపులో పెడుతుంటే మీరు ఉద్యోగేనని భావించాలన్నది అందులో కీలకం. ఆ మాట మీ దేశ చట్టంలో ఎంత గట్టిగా పడుతుందన్నది అక్కడి కార్మిక సంఘాలు తేల్చుకునే విషయం. యూనియన్‌లో చేరండి, సభ్యత్వానికి పాస్‌పోర్టు రంగు చూడరు. మీ షిఫ్టుల, కోతల స్క్రీన్‌షాట్లు తేదీలవారీగా దాచండి. వీసా గంటల పరిమితి మాత్రం ముందే చూసుకోండి.

కుటుంబంతో ఉంటూ గాలి, నీరు, చప్పుడుతో బాధపడుతుంటే సమాచార దరఖాస్తు, తర్వాత స్థానిక పర్యావరణ సంఘం, తర్వాత కమిషన్‌కు ఫిర్యాదు. ఈ వరస మార్చకండి.

పది మంది ఉన్న చిన్న తెలుగు సంఘమైతే సొంతంగా బ్రస్సెల్స్ వెళ్లాలన్న ఆరాటం వద్దు. 1974 నుంచి ఉన్న యూరోపియన్ ఎన్విరాన్‌మెంటల్ బ్యూరో, 1995లో ఏర్పడ్డ సోషల్ ప్లాట్‌ఫామ్ వంటి పెద్ద వేదికల్లో మీ దేశపు సభ్య సంఘాలు ఉంటాయి. వాళ్లకు మీ దగ్గరున్న అనుభవం, భాష కావాలి. మీకు వాళ్ల దగ్గరున్న లాయర్లు కావాలి.

యూరప్ పౌరసత్వం ఉన్నవాళ్లైతే సంతకం పెట్టండి, పెట్టాక ఏడేళ్లు వెంటపడే ఓపిక కూడా పెట్టుకోండి.

మా వాగు సంగతికొస్తే, టిక్కులు పెట్టిన ఆ జాబితా, నోటుపుస్తకం ఫొటోలు పట్టుకుని ఇక్కడి పర్యావరణ సంఘం దగ్గరికి వెళ్లాం. వాళ్ల న్యాయ సలహాదారు మూడు వారాలు కూర్చుని ఏ చట్టంలో ఏ నిబంధన మీరారో రాసిపెట్టింది. ఫిర్యాదు వెళ్లింది. పోయిన నెల అందినట్టు ఉత్తరం, దాని మీద ఒక నంబరు వచ్చాయి. పెద్దావిడ ఆ నంబరును నోటుపుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకుంది. పుస్తకం మాత్రం కొత్తది. పాతది నిండిపోయింది.